వానకన్నా ముందొచ్చే అల!

చెరువులో రాయి పడితే అల లేస్తుంది. పడవ కదిలితే వెనకాల అలలు విచ్చుకుంటాయి. మరి ఆకాశంలో మబ్బు నడిస్తే? సముద్రం లోపల జలాంతర్గామి సాగితే? నేల మీద చంద్రుడి నీడ పరుగు తీస్తే? అప్పుడూ అలలు పుడతాయి. కాకపోతే అవి కంటికి కనిపించవు. మెట్ట రైతు కల్లం నుంచి గాదంకి రాడార్ దాకా, వాల్తేరు తీరం నుంచి ఉత్తర ధ్రువ సముద్రం దాకా... ఆ కనిపించని అలల కథే ఇది.

ఏప్రిల్ నెల. మధ్యాహ్నం మూడు దాటింది. జగ్గయ్యపేట, నందిగామల్లో ఎండ సంగతి వేరే చెప్పాలా! నిన్నమొన్నటి దాకా కృష్ణా జిల్లా మెట్ట, 2022 ఏప్రిల్ నుంచి ఎన్టీఆర్ జిల్లా. పేరు మారింది కానీ ఎండ మారలేదు. రాష్ట్రంలో వేడి ఎక్కువగా నమోదైన ఊళ్ల పేర్లు పేపర్లో వచ్చాయంటే, ఈ చుట్టుపక్కల ఊరు ఏదో ఒకటి అందులో ఉండాల్సిందే. ఆ ఎండే మిర్చి రైతుకు దేవుడు. కల్లంలో ఎర్రగా పరిచిన కాయ గలగలమనేలా ఎండితే బస్తాలకెత్తి గుంటూరు యార్డుకి పంపొచ్చు. ఇంకో రెండెండలు చాలు.

సరిగ్గా అప్పుడే కోదాడ వైపు ఆకాశం నల్లబడుతుంది. ఒక ఈదురుగాలి, ఒక ఉరుము. అరగంటలో వాన. తడిసిన కాయ తాలుకాయ లెక్కన పోతుంది. పొలంలో ఉన్నవాళ్ల నెత్తిన పిడుగు భయం సరేసరి. బరకాలు కప్పాలా వద్దా, కూలీలను ఇంటికి పంపాలా వద్దా... అన్నీ ఆ కొద్ది నిమిషాల్లోనే తేల్చుకోవాలి. మబ్బు ఎటు పోతుంది? ఇక్కడే కురుస్తుందా, దాటిపోతుందా? ఒక మబ్బు పోయాక ఇంకోటి పుడుతుందా? పెద్దవాళ్లు దిక్కు చూసి, గాలి వాసన చూసి చెప్పేవారు. శాస్త్రవేత్తలు కూడా సరిగ్గా ఆ ప్రశ్నల వెంటే పడ్డారు. ఆ వెతుకులాటలో వాళ్లకు దొరికిన జవాబుల్లో ఒకటి... అలలు!

మబ్బు కదులుతూ తన చుట్టూ ఉన్న గాలిలో అలలు లేపుతుంది. ఆ అలలు మబ్బుకన్నా వేగంగా ముందుకు వెళ్లిపోతాయి. వాన రాకముందే వాన కబురు మోసుకొస్తాయి. వీటినే ‘అంతర్గత గురుత్వ అలలు’ అంటారు.

పొరలుంటేనే అల

గురుత్వ అలలు అనగానే 2015లో అమెరికాలోని లైగో పరికరాలకు చిక్కిన తరంగాలేమో అనుకోవద్దు. కృష్ణబిలాలు ఢీకొన్నప్పుడు పుట్టే ఆ గురుత్వ తరంగాల కథ వేరు. ఇవి మన గాలిలో, మన నీళ్లలో పుట్టే మామూలు అలలే. పైకి లేచినదాన్ని భూమి కిందికి లాగుతుంది కాబట్టి ఆ పేరు.

అల పుట్టాలంటే ఒక సరిహద్దు కావాలి. చెరువులో ఆ సరిహద్దు మన కళ్ల ముందే ఉంటుంది. పైన గాలి, కింద నీరు. కానీ నీటి లోపలా సరిహద్దులుంటాయి. వేసవిలో లోతైన జలాశయంలో పై నీరు వెచ్చగా, తేలికగా ఉంటుంది. అడుగు నీరు చల్లగా, బరువుగా ఉంటుంది. సముద్రంలో పైన తియ్యటి నీరు, కింద ఉప్పు నీరు ఉండొచ్చు. గాలిలోనూ అంతే. మెట్ట ఊళ్లలో చలికాలం తెల్లవారుజామున చూడండి. పొయ్యిల్లోంచి లేచిన పొగ నిటారుగా కొంత ఎత్తుకి వెళ్లి, ఎవరో పైన పలక అడ్డం పెట్టినట్టు, అక్కడి నుంచి పక్కలకు దుప్పటిలా పరుచుకుంటుంది. నేలను ఆనుకున్న గాలి చల్లగా, దానిపైన గాలి వెచ్చగా ఉందని ఆ పొగే చెబుతోందన్నమాట.

ఇలా పొరలు పొరలుగా ఉన్నచోట కొంచెం గాలిని పైకి నెడితే ఏమవుతుంది? పైన ఉన్నదానికన్నా అది బరువు. కాబట్టి కిందికి దిగుతుంది. దిగిన ఊపులో ఉండాల్సిన చోటు దాటి ఇంకా కిందికి పోతుంది. అక్కడ తేలిక. మళ్లీ పైకి. నూతిలో బిందె మునిగీ తేలీ ఊగినట్టే. మనం ఉండే వాతావరణంలో ఈ ఊపు ఒకసారి పూర్తవడానికి మామూలుగా పది నిమిషాలు పడుతుంది. ఇంకా పైన, పొరలు మరింత గట్టిగా ఉండే స్ట్రాటోస్ఫియర్‌లో అయిదు నిమిషాలు. ఈ లెక్కను 1920లలో ఫిన్లాండ్‌కు చెందిన వైసాలా, బ్రిటన్‌కు చెందిన బ్రంట్ ఎవరికి వారే కట్టారు. అందుకే దానికి ఇద్దరి పేర్లూ స్థిరపడ్డాయి.

ఈ ఊపు ఒకచోట ఆగదు. పక్కనున్న గాలిని కదుపుతుంది. అది దాని పక్కదాన్ని. అలా అల బయల్దేరుతుంది.

ఈ అలలకో వింత గుణం ఉంది. చెరువులో అల గుండ్రంగా వ్యాపిస్తుంది. పొరల లోపల అల అలా పోదు. ఒకచోట ఏదైనా వస్తువును పైకీ కిందికీ ఆడిస్తే, అక్కడి నుంచి నాలుగు వైపులా ఏటవాలుగా చారలు బయల్దేరతాయి. అచ్చం లెక్కల పుస్తకంలో ఇంటూ గుర్తులా! నెమ్మదిగా ఆడిస్తే చారలు దాదాపు పడుకున్నట్టుంటాయి. వేగం పెంచితే నిటారుగా లేస్తాయి. పొరల సహజమైన ఊపుకన్నా వేగంగా ఆడిస్తే అసలు అలే పుట్టదు. 1967లో మౌబ్రే, రారిటీ అనే ఇద్దరు ఉప్పునీటి తొట్టెలో ఈ ఇంటూ గుర్తును ఫొటోలు తీసి చూపించారు.

దీపంలో దొరికిన రహస్యం

ఈ అలలను గమనించినవాళ్లలో ముందు వరసలో ఉండే పేరు బెంజమిన్ ఫ్రాంక్లిన్‌ది. అమెరికా స్వాతంత్ర్య పోరాట నాయకుడూ, పిడుగులో ఉన్నది కరెంటేనని చెప్పిన శాస్త్రవేత్తా అయిన ఆ ఫ్రాంక్లినే. 1762లో ఓడ ప్రయాణంలో ఆయన ఒక గాజు గ్లాసులో అడుగున నీళ్లు పోసి, పైన నూనె పోసి దీపం చేసుకున్నాడు. మన ఇళ్లలో కుందెలో నీళ్లపైన నూనె పోసి ఒత్తి వేసినట్టే. ఓడ ఊగుతోంది. నూనె పైభాగం మాత్రం ప్రశాంతంగా ఉంది. కిందికి చూస్తే నూనెకీ నీళ్లకీ మధ్య మాత్రం పెద్ద పెద్ద అలలు! పైన ఏమీ లేదు, లోపల అల్లకల్లోలం. ఆ వింతను ఆయన ఒక స్నేహితుడికి ఉత్తరంలో రాశాడు.

కారణం తేలికే. గాలికన్నా నీరు సుమారు ఎనిమిది వందల రెట్లు బరువు. అందుకే నీటిపైన లేచిన అల వెంటనే పడిపోతుంది. నూనెకీ నీటికీ, తీపి నీటికీ ఉప్పు నీటికీ మధ్య తేడా చాలా తక్కువ. కాబట్టి అక్కడ చిన్న తోపుకే పెద్ద అల లేస్తుంది. లేచింది నిదానంగా కదులుతుంది. గొప్ప ఎత్తు, మందగమనం... లోపలి అల లక్షణాలివి.

కదలని ఓడ

ఆ మందగమనమే ఓడల పాలిట శాపమైంది. 1893లో నార్వే సాహసి ఫ్రిట్యోఫ్ నాన్సెన్ ‘ఫ్రామ్’ అనే ఓడలో ఉత్తర ధ్రువం వైపు బయల్దేరాడు. సైబీరియా తీరానికి దగ్గర్లో ఒకచోట ఓడ ఉన్నట్టుండి నీరసించిపోయింది. ఇంజిన్ పనిచేస్తూనే ఉంది. గాలి ప్రశాంతంగా ఉంది. అయినా ఎవరో వెనక నుంచి పట్టి లాగుతున్నట్టు వేగం మామూలులో నాలుగో వంతుకు పడిపోయింది. నావికులు దీన్ని ‘చచ్చిన నీరు’ అనేవారు. ఏదో చేప ఓడను పట్టేసుకుంటుందని రోమన్ల కాలం నుంచీ కథలుండేవి.

నాన్సెన్ కథల్ని నమ్మలేదు. మంచు కరిగి వచ్చిన తీపి నీరు ఉప్పు నీటి మీద పలచగా పరుచుకున్నచోటే ఇలా జరుగుతోందని గమనించాడు. ఆ చిక్కుముడి విప్పే పని వాగ్న్ ఎక్‌మన్ అనే యువకుడికి దక్కింది. తొట్టెలో రెండు పొరల నీళ్లు పోసి, బొమ్మ ఓడల్ని లాగి, 1904లో ఆయన జవాబు చెప్పాడు. ఓడ తన బలమంతా పైకి కనిపించే అలల మీద కాక, కింద పొరల మధ్య కనిపించని అలల్ని లేపడానికి ఖర్చు చేసేస్తోంది. అదీ సంగతి!

లెక్క వేసి చూడొచ్చు. మూడు మీటర్ల మందాన తీపి నీరు, దానికన్నా కింది నీరు రెండు శాతం బరువు అనుకుందాం. ఆ సరిహద్దులో అల గంటకు మూడు కిలోమీటర్లు కూడా పోలేదు. మనిషి నడకకన్నా తక్కువ. ఓడ వేగం ఆ అల వేగానికి దగ్గర్లో ఉన్నప్పుడే అసలు కష్టం. ఓడ లేపిన అల ఓడను వదిలి ముందుకు పోలేదు, వెనకబడనూ లేదు. అక్కడే పేరుకుపోతుంది. అదే ఓడ గట్టిగా వేగం అందుకుని అలను దాటేసిందా, బంధం తెగిపోతుంది. అల వెనక ఇరుకైన చీలికలా మిగిలిపోతుంది.

కదిలే వస్తువు లేపే అలల కథంతా ఈ ఒక్క పోటీలోనే ఉంది. ముందున్నది ఎవరు, వస్తువా... అలా?

వస్తువే కదలాలని కూడా లేదు. రైల్లో కూర్చుంటే చెట్లు పరిగెత్తినట్టుంటుంది కదా! కొండపల్లి కొండల మీదుగా గాలి వీచినా, నిలిచిన గాలిలో కొండే నడిచినా ఒకటే. పొరలు సరిగ్గా కుదిరిన రోజున కొండ కూడా గాలిలో అలలు లేపుతుంది. వరసగా చారలు తీరిన మబ్బులు కనిపిస్తే, అక్కడ ఇలాంటి అల ఉండొచ్చు. అల శిఖరం దగ్గర గాలి చల్లబడి మబ్బు కడుతుంది. లోయలో మాయమవుతుంది.

వాల్తేరు ముద్ర

సముద్రం లోపలి అలల చరిత్రలో తెలుగు నేలకూ ఒక పేజీ ఉంది. 1952లో యూజీన్ లాఫాండ్ అనే అమెరికన్ సముద్ర శాస్త్రవేత్త ఆంధ్ర విశ్వవిద్యాలయానికి పాఠాలు చెప్పడానికి వచ్చారు. స్వతంత్ర భారతంలో సముద్ర విజ్ఞానానికి గట్టి పునాది పడిన చోట్లలో వాల్తేరు ఒకటి. ఆయన, విశ్వవిద్యాలయ పరిశోధకులు కలిసి బంగాళాఖాతంలో లోతును బట్టి వేడి ఎలా మారుతుందో కొలిచారు. ఒకేచోట గంటల తరబడి కొలిస్తే ఒక విశేషం బయటపడింది. చల్లటి పొర కాసేపు పైకి వస్తోంది, కాసేపు కిందికి పోతోంది. ఆటుపోట్ల తాళానికి తగ్గట్టుగా! లాఫాండ్, సి.పూర్ణచంద్రరావు కలిసి రాసిన ఆ పరిశోధన 1954లో విశ్వవిద్యాలయం అచ్చువేసిన సంపుటంలో వచ్చింది.

పోటు నీరు తీరపు అడుగు గట్టు మీదుగా వస్తూ పోతూ ఉంటే లోపలి పొరలు ఊగుతాయి. అంటే ఇక్కడ పడవ పాత్ర ఆటుపోటుది. 1963లో లాఫాండ్ మళ్లీ ఈ తీరానికి వచ్చినప్పుడు సముద్రం అడుగున కనిపెట్టిన లోయలకు ‘ఆంధ్ర’, ‘మహదేవన్’, ‘కృష్ణ’ అని పేర్లు పెట్టారు.

బంగాళాఖాతానికి ఆ చివర, అండమాన్ సముద్రంలో ఈ అలలు ఇంకా భారీగా ఉంటాయి. ఇరవై అంతస్తుల మేడంత ఎత్తున లోపలి పొర లేచి పడుతుంది. పైన మాత్రం చిన్న చిన్న తరగలతో పొడవాటి చారలు కనిపిస్తాయి. 1975లో అపోలో-సోయజ్ వ్యోమగాములు తీసిన ఫొటోల్లోనూ ఆ చారలు పడ్డాయి. చమురు తవ్వే ఓడలకు వీటితో ఇబ్బంది రావడంతో ఆస్‌బార్న్, బర్చ్ అనే ఇద్దరు అక్కడ కొలతలు తీసి 1980లో వివరంగా ప్రకటించారు.

జలాంతర్గామి విషయంలో ఇది ప్రాణాలకే సంబంధించిన సంగతి. ఒకవైపు, అది పొరల్ని కదుపుతూ పోతే లోపలి అలలు పుడతాయి. ఆ జాడ పైకి తేలితే ఆకాశం నుంచి రాడార్‌తో పట్టేయొచ్చు కదా అని దేశాలన్నీ దశాబ్దాల పాటు పరిశోధించాయి. మరోవైపు, పెద్ద లోపలి అల ఎదురైతే జలాంతర్గామినే కిందికి తోసేయగలదు. 2021 ఏప్రిల్ 21న బాలి దీవికి ఉత్తరాన ఇండొనేసియా జలాంతర్గామి నంగ్గాల 53 మందితో మునిగిపోయింది. బలమైన లోపలి అల కారణమై ఉండొచ్చని ఆ దేశ నౌకాదళ అధికారులే అన్నారు.

గాదంకి కన్ను

నీటిలో కొలవడానికి తాడుకు థర్మామీటరు కట్టి దింపొచ్చు. మరి ఆకాశంలో? దానికి తిరుపతి దగ్గర గాదంకిలో ఒక కన్ను ఉంది. 1990ల తొలి ఏళ్లలో సిద్ధమైన ఎంఎస్‌టీ రాడార్ అది. మెసోస్ఫియర్, స్ట్రాటోస్ఫియర్, ట్రోపోస్ఫియర్... వాతావరణంలోని మూడు అంతస్తుల మొదటి అక్షరాలే దాని పేరు. మనం సినిమాల్లో చూసే గిన్నెలాంటి రాడార్ కాదు. కొండల నడుమ 130 మీటర్ల పొడవు, అంతే వెడల్పు ఉన్న మైదానంలో వరసకు 32 చొప్పున 32 వరసల్లో పాతిన 1,024 యాంటెన్నాలు. పాతకాలపు టీవీ యాంటెన్నాల్లాంటివే. అవన్నీ కలిసి 53 మెగాహెర్ట్జ్ దగ్గర రేడియో తరంగాల్ని నిటారుగా పైకి పంపుతాయి. గాలిలోని చిన్న చిన్న సుడుల నుంచి వెనక్కి వచ్చే బలహీనమైన ప్రతిధ్వనిని వింటాయి. దాన్నిబట్టి గాలి ఎటు వీస్తోందో తెలుస్తుంది. అంతకన్నా ముఖ్యంగా... ఏ ఎత్తులో పైకి లేస్తోందో, ఎక్కడ కిందికి దిగుతోందో కూడా! మామూలు పరికరాలకు దొరకనిది అదే. ఈ కేంద్రానికి 2005 నుంచి జాతీయ వాతావరణ పరిశోధన ప్రయోగశాల అని పేరు.

ఉరుముల మబ్బు గాదంకి మీదుగా పోయినప్పుడు రాడార్ తెర మీద గాలి ఎగసిపడటం, మబ్బు శిఖరానికి పైన అలలు బయల్దేరడం శాస్త్రవేత్తలు అనేకసార్లు నమోదు చేశారు. అలా పుట్టిన అలలు పైకి పోయేకొద్దీ పెరుగుతాయి. ఎందుకంటే పైన గాలి పలచన. అదే బలంతో తక్కువ గాలిని ఊపాలి కాబట్టి ఊపు పెద్దదవుతుంది. చివరికి 80, 90 కిలోమీటర్ల ఎత్తున, సముద్రపు అల ఒడ్డున విరిగినట్టు విరిగిపోతాయి. విరుగుతూ తాము మోసుకొచ్చిన బలాన్ని అక్కడి గాలికి ధారపోస్తాయి. భూమధ్యరేఖకు పైన స్ట్రాటోస్ఫియర్‌లో గాలులు సుమారు 28 నెలలకో ఆవృత్తంగా తూర్పుకీ పడమరకీ దిశ మార్చుకుంటూ ఉంటాయి. ఆ మార్పు వెనక ఉన్న శక్తుల్లో ఈ అలలూ ఉన్నాయి. అందుకే వాతావరణాన్ని ముందే చెప్పే కంప్యూటర్ నమూనాల్లో వీటి లెక్క వేయకపోతే తప్పులు దొర్లుతాయి.

కల్లం దగ్గరికొద్దాం

బాగా ఎదిగిన ఉరుముల మబ్బు పదిహేను కిలోమీటర్ల ఎత్తు దాకా లేస్తుంది. లోపల ఆవిరి నీరుగా మారేటప్పుడు వేడి పుడుతుంది. ఆ వేడికి గాలి ఉప్పొంగుతుంది. పైనున్న పొరల్ని కింద నుంచి పిడికిలితో గుద్దినట్టు గుద్దుతుంది. ఇదంతా ఒకచోట నిలబడి కాదు, కదులుతూ! గంటకు ముప్పై కిలోమీటర్ల వేగంతో మబ్బు జగ్గయ్యపేట దాటిందనుకుందాం. పాతిక కిలోమీటర్ల పైన ఉన్న నందిగామ చేరడానికి దానికి దాదాపు గంట పడుతుంది.

అది లేపిన అలల్లో అన్నిటికన్నా వేగంగా పోయేది గంటకు 150 కిలోమీటర్లు దాటుతుంది. పది నిమిషాల్లో నందిగామ మీదుగా వెళ్లిపోతుంది. దాని దారిలో గాలి కాస్త కిందికి దిగి, కొద్దిగా వేడెక్కుతుంది. దాంతో కొత్త మబ్బులకు కాసేపు అడ్డుకట్ట పడుతుంది. దాని వెనక, దాదాపు సగం వేగంతో రెండో అల వస్తుంది. అది నేలకు దగ్గరి గాలిని కొంచెం పైకి ఎత్తుతుంది. తేమ ఉన్న గాలి పైకి లేచిందంటే కొత్త మబ్బుకు విత్తనం పడ్డట్టే. మబ్బులు విడివిడిగా కాక మందలుగా ఎందుకు పుడతాయో చెబుతూ బ్రయాన్ మేప్స్ అనే అమెరికన్ శాస్త్రవేత్త 1993లో చూపించిన కారణం ఇదే. ఒక మబ్బు అల రూపంలో పొరుగున ఇంకో మబ్బుకు పిలుపు పంపుతుంది.

వానకు ముందు మొహాన కొట్టే చల్లటి ఈదురుగాలి మాత్రం ఈ అల కాదు. అది మబ్బులోంచి కిందపడి నేల మీద పరుచుకుంటూ వచ్చే చల్లగాలి. కానీ అదీ కదిలే వస్తువే. ముందున్న పొరల్ని ఎత్తిపడేస్తూ అదీ అలల్ని లేపుతుంది. ఆస్ట్రేలియాలో బర్క్‌టౌన్ అనే చిన్న ఊరి మీదుగా సెప్టెంబరు, అక్టోబరు తెల్లవారుజాముల్లో ఇలాంటి అల ఒకటి గొట్టంలాంటి పొడవాటి మబ్బుగా దొర్లుకుంటూ వస్తుంది. కొన్నిసార్లు వందల కిలోమీటర్ల పొడవు! దాన్ని చూడటానికి గ్లైడర్ల వాళ్లు ఎక్కడెక్కడి నుంచో వస్తారు.

మరి మెట్టలో నిలబడిన మనిషికి ఆ తొలి అల తెలుస్తుందా? తెలియదు. బారోమీటరు పాదరసం ఒక్క పిసరు కదులుతుంది, అంతే. విమానానికి తెలుస్తుంది. మబ్బుకు బయట, ఆకాశం తేటగా ఉన్నచోట కూడా ఒక్కసారి కుదుపు వస్తుంది. అందుకే పెద్ద ఉరుముల మబ్బుకు కనీసం ముప్పై కిలోమీటర్ల దూరంగా పొమ్మని పైలట్లకు చెబుతారు.

నీడ కూడా పడవే!

బరువూ లేదు, ఆకారమూ లేదు. అలాంటి నీడ అలలు లేపుతుందంటే నమ్ముతారా? 1970లో చిమోనాస్, హైన్స్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు సరిగ్గా అదే అన్నారు. సంపూర్ణ సూర్యగ్రహణం రోజున చంద్రుడి నీడ భూమి మీద శబ్దం కన్నా వేగంగా పరిగెడుతుంది. నీడ పడినచోట వాతావరణం చల్లబడుతుంది. ఆ చల్లటి మచ్చ పడవలా దూసుకుపోతుంటే, దాని వెనక చీలిన అల రావాలి కదా!

1980 ఫిబ్రవరి 16న ఆ నీడ తెలుగు నేల మీదుగా నడిచింది. జగ్గయ్యపేటకు పొరుగునే ఉన్న అప్పటి నల్గొండ జిల్లా మీదుగా దాని దారి. హైదరాబాద్ దగ్గర ఉస్మానియా విశ్వవిద్యాలయానికి చెందిన జపాల్-రంగాపూర్ వేధశాల కూడా ఆ దారిలోనే పడింది. దేశవిదేశాల నుంచి శాస్త్రవేత్తలు పరికరాలతో దిగారు. ఊళ్లలో మాత్రం జనం తలుపులు బిగించుకుని ఇళ్లలో కూర్చున్నారు.

నీడ అలను గట్టిగా పట్టుకోవడానికి మాత్రం ఇంకా ఏళ్లు పట్టింది. 2009 జులై 22 నాటి గ్రహణంలో తైవాన్, జపాన్ మీద, 2017 ఆగస్టు 21 నాటి గ్రహణంలో అమెరికా మీద అది చిక్కింది. పట్టించింది ఏమిటో తెలుసా? ఫోన్లలో దారి చూపించే జీపీఎస్ సంకేతాలు. అమెరికాలో నేల మీద ఉన్న సుమారు రెండు వేల జీపీఎస్ కేంద్రాల లెక్కలు కలిపి చూస్తే, పైన విద్యుదావేశం ఉన్న పొరలో పడవ వెనకాల చీలినట్టు చక్కటి అల కనిపించింది.

తుపానూ... కృష్ణ నీళ్లూ

కృష్ణా జిల్లా మరచిపోలేని తేదీ 1977 నవంబరు 19. దివిసీమ ఉప్పెన. ఆ తుపాను లాంటివీ కదిలే వస్తువులే. సముద్రం లోపలి అల బాగా నిదానం కాబట్టి తుపాను దాన్ని దాటేసి పోతుంది. వెనక సముద్రంలో ఊగిసలాట మిగులుతుంది. భూమి తిరుగుడు కూడా తోడై మన తీరపు అక్షాంశం దగ్గర ఆ నీరు సుమారు 43 గంటలకోసారి చుట్టు తిరుగుతుంది. తుపాను తీరం దాటి పోయినా రోజుల తరబడి సముద్రం లోపల ఆ సుళ్లు తిరుగుతూనే ఉంటాయి.

ఈ కలతకు మామూలుగా అడుగు నుంచి చల్లటి నీరు పైకి వస్తుంది. వెచ్చటి నీరే తుపానుకు మేత. చల్లటి నీరు వస్తే దాని బలం తగ్గాలి. బంగాళాఖాతంలో వానాకాలం తరవాత ఒక చిక్కుంది. నదులు తెచ్చిన తీపి నీరు, వాన నీరు సముద్రం మీద మూతలా పరుచుకుంటాయి. పొరలు గట్టిపడతాయి. చల్లటి నీరు పైకి రావడం కష్టమవుతుంది. తుపానుకు మేత తగ్గదు. ఆ తీపి నీటిలో ఎక్కువ భాగం గంగ, బ్రహ్మపుత్ర, ఐరావతి నదులది. గోదావరి, కృష్ణలదీ కొంత వాటా ఉంది. వేదాద్రి, ముక్త్యాల రేవుల్ని తాకుతూ పోయిన వరద నీరు హంసలదీవి దగ్గర సముద్రంలో కలిశాక కూడా దాని కథ ముగియదన్నమాట.

ముక్త్యాలకు ఎగువన పులిచింతల దగ్గర కట్టిన డాక్టర్ కె.ఎల్.రావు సాగర్ లాంటి జలాశయాలకూ ఈ శాస్త్రం అక్కర్లేనిదేం కాదు. వేసవిలో పొరలు ఏర్పడిన ఏ లోతైన జలాశయంలోనైనా గాలివాన పై నీటిని ఒక పక్కకు నెడితే, లోపలి పొర రెండో పక్క పైకి లేస్తుంది. గాలి ఆగినా లోపల ఊపు ఆగదు. అడుగున ప్రాణవాయువు తక్కువగా ఉన్న నీరు పైకి వస్తే చేపలు చనిపోతాయి. చేపలు పెంచేవాళ్లకు గాలివాన మర్నాడు ఎందుకు గుండె దడగా ఉంటుందో దీన్నిబట్టి తెలుస్తుంది.

ఇంట్లోనే చూడొచ్చు!

పిల్లలతో ఆదివారం చేయించదగ్గ ప్రయోగం ఇది. ఒక పెద్ద గాజు పాత్రలో సగం దాకా నీళ్లు పోసి, నాలుగైదు చెంచాల ఉప్పు బాగా కలపండి. కాస్త బీట్‌రూట్ రసం వేస్తే రంగొస్తుంది. నీళ్లపైన ఒక గరిటె బోర్లించి పట్టుకుని, దాని మీదుగా సన్నటి ధారగా మామూలు నీళ్లు పోయండి. రంగు నీళ్లు కింద, తేట నీళ్లు పైన నిలుస్తాయి. ఇప్పుడు పాత్రను నెమ్మదిగా ఒకవైపు వంచి వదలండి. పైన నీళ్లు వెంటనే సర్దుకుంటాయి. రంగు సరిహద్దు మాత్రం తాపీగా ఊగుతూనే ఉంటుంది. అగ్గిపెట్టెంత చెక్కముక్కకు దారం కట్టి పైన నెమ్మదిగా లాగండి. కింద రంగు నీళ్లు గుట్టలా లేచి వెంట వస్తాయి. నాన్సెన్ ఓడను పట్టుకున్నది అదే!

రైతుకేమిటి?

అల వచ్చిందని రైతుకు నేరుగా చెప్పే పరికరం లేదు. కానీ ఆ శాస్త్రం ఇప్పటికే మన చేతిదాకా వచ్చేసింది. మచిలీపట్నంలో ఉన్న డాప్లర్ రాడార్ మబ్బుల కదలికను చూస్తుంది. నందిగామలోనూ వాతావరణ శాఖ కేంద్రం ఉంది. రాబోయే రెండు మూడు గంటల్లో ఎక్కడ ఉరుములు, ఎక్కడ ఈదురుగాలులు అని వాతావరణ శాఖ హెచ్చరికలు ఇస్తోంది. పిడుగుల కబురు చెప్పే ‘దామిని’ యాప్‌ను పుణెలోని ఉష్ణమండల వాతావరణ సంస్థ తయారుచేసింది. విపత్తుల నిర్వహణ సంస్థ ఫోన్లకు సందేశాలు పంపుతోంది. ఒక మబ్బు ఇంకో మబ్బును ఎలా పుట్టిస్తుందో ఎంత బాగా తెలిస్తే ఈ కబుర్లు అంత కచ్చితంగా వస్తాయి.

ఒక మాట మాత్రం అన్ని కాలాలకూ పనికొస్తుంది. ఉరుము వినిపించిందంటే పిడుగు పడగలిగేంత దగ్గర్లో మబ్బు ఉన్నట్టే. పొలంలో ఉన్నవాళ్లు చెట్టు కింద నిలబడకుండా పక్కా ఇంట్లోకి వెళ్లాలి. చివరి ఉరుము వినిపించాక కనీసం అరగంట ఆగాలి. కాయ తడిస్తే మళ్లీ ఎండబెట్టుకోవచ్చు.

కోదాడ వైపు మబ్బు పట్టిందంటే దాని తొలి అల అప్పటికే నందిగామ దాటి ఉంటుంది. అది మనకు తెలియకపోవచ్చు. చేతిలో ఉన్న ఫోన్‌కు వచ్చే కబురు మాత్రం తెలుస్తుంది. ఆ కబురుకీ, కల్లం మీద బరకం కప్పడానికీ మధ్య ఉన్న నిమిషాలే మెట్ట రైతుకు అసలు లాభం.